తాడంత దూరం

నయీంనగర్ వెనుక, నాలా పక్కన
ఏడంతస్తుల బిల్డింగు లేస్తున్నది.
దాని కింద, రేపు కార్లు నిలబడే కాడ
ఇవాళ పదకొండు మంది పిల్లలు నిలబడుతరు.
నిలబడరానోళ్లు పాకుతరు.
పాకరానోళ్లకు రెండు చీర ఉయ్యాలలు.

నేను ఇరవై రెండేండ్లు బీడీలు చేసిన.
వేలి కొసలకు ఇంకా తునికాకు వాసనే.
దినాం వెయ్యి బీడీలు లెక్కపెట్టిన చేతులు గదా,
పదకొండు మందిని లెక్కపెట్టుడెంత అనుకున్న.
బీడీలు లెక్క నడుమ లేచి
ఇసుక కుప్ప దిక్కు ఉరుకయి.

డంబరు వచ్చిన దినం యాదికున్నది.
నువాపడా కెళ్లి రైలు, రాత్రి కాజీపేట్ల దిగుడు,
తెల్లారేసరికి వాళ్లమ్మ సేబతి నెత్తిన తట్ట.
పిల్లగానికి పదమూడు నెలలు.
కుడి చీలమండ చుట్టూ
నున్నటి గీత ఒకటి.
ఇదివరకటి పనికాడ సలాకకు కట్టేసేదట
చీరపేలికతోని.
సేబతి తప్పేం చెయ్యలె.
మూడో అంతస్తుకు గోడలుండవు.
ఆ పేలిక లేకుంటే
పిల్లగాడే ఉండకపోవు.

చాప మీద ఇడిచిపెట్టిన.
పాకిండు. మూడు మూరలు.
ఆగిండు. ఎనుకకు మర్రిండు.
మళ్లొకసారి పాకిండు. మళ్ల మూడు మూరలే.
ముందట ఎర్రబంతి పెట్టిన,
బెల్లం ముక్క పెట్టిన.
చెయ్యి చాపిండు గని మోకాలు జరుపలె.
కాలుకేం లేదు.
అయినా వంగి తడిమి సూసిన,
నా కండ్లకు ఆననిదేమన్న ఉన్నదేమోనని.

వాళ్ల మాట నాకు రాదు.
"పాయెన్, పాయెన్" అని ఏడుస్తుంటే
పైన అంటున్నడనుకున్న.
"అవు బిడ్డా, మీయమ్మ పైననే ఉన్నది" అని
రెండు దినాలు స్లాబు దిక్కు వేలు చూపిచ్చిన.
మూడో దినం ఆరేండ్ల ఫూల్మతి
నన్ను ఎగాదిగ సూసి
గిలాసల నీళ్లు ముంచి వాని నోటికి పెట్టింది.
గటగట తాగిండు.
ఆ రాత్రి నాకు అన్నం దిగలె.

పది గంటలకు తల్లులొస్తరు పాలియ్యను.
డ్రమ్ము నీళ్లతోని మోచేతుల దాక కడిగినా
సిమెంటు వాసన పోదు.
అమాస నాడు పని బందు, సెంటర్ బందు గాదు.
సబ్బుతోని తానం జేసి, తల దువ్వుకోని
సేబతి వచ్చి చేతులు చాపితే
డంబరు మొకం తిప్పుకున్నడు.
ఆమె నవ్వింది.
జర సేపటికి నవ్వుడు ఆపింది.

కాంట మీద ఏడు కిలోల తొమ్మిది వందలున్నోడు
ఎనిమిదిన్నరకు వచ్చిండు.
చాప మీద మాత్రం గంతే దూరం.

ఆషాఢంల ఒకనాడు, ముసురు.
కాకొచ్చి వాని చేతిల గుడ్డు ఎత్తుకపోయింది.
దూరం గూడ పోలె, పిల్లరు కాడ కూసోని తింటున్నది.
డంబరు గుర్రుగ సూసిండు.
పాకిండు. మూడు మూరలు. నాలుగు.
చాప అయిపోయింది, బండలొచ్చినయి,
ఇంకా పోతనే ఉన్నడు తిట్టుకుంట, ఏ భాషనో ఏమో.
నేను కిక్కురుమనలె.
మెచ్చుకుంటే మర్రుతడేమోనని
పప్పుగంటె పట్టుకోని అట్లనే నిలబడ్డ.
గుడ్డు దొరకలె. కాకి కూసున్న జాగ దొరికింది.
దాన్ని అరచేత్తోని టపటప కొట్టిండు.

దసరా ముంగట ఆఖరి స్లాబు పడ్డది.
పెద్దపల్లి దిక్కు ఇటుక బట్టీలకు పోతున్నమని
మేస్త్రీ జెప్పిండు.
సేబతి ఫూల్మతితోని అడిగిచ్చింది,
ఆడ గూడ ఇసొంటి అర్ర ఉంటదా అని.
తూకం కార్డు చేతిల పెట్టిన,
గిదొక్కటి పోగొట్టకు అన్న.

నెత్తి మీది సుట్టబట్ట ఇప్పింది.
అప్పుడు గుర్తువట్టిన, అది ఆ పేలికే.
ఇన్ని దినాలు తట్ట కింద ఉన్నది.
డ్రమ్ముల ముంచి, పిండి, దులిపి
నాలుగు మడతలు పెట్టి మూటల పెట్టుకున్నది.

పారెయ్ అని నోటి దాక వచ్చింది.
పెద్దపల్లిల అర్ర ఉన్నదో లేదో
నాకేం తెలుసు.